మిథ్యావర్ణము అసత్యమా?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి భూగోళ పాఠమునందు మన నిర్మల్ ప్రాంతపు ఉపగ్రహ చిత్రము నొకదానిని గోడకు తగిలించితిని. అందు కడెం జలాశయము నల్లని మచ్చవలె నుండెను. కవ్వాల్ వైపు అడవి యంతయు ఎఱ్ఱగా నుండెను. వెనుక బల్లమీది బాలు డొకడు లేచి, "అయ్యా, అడవి తగులబడుచున్నదా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వి, "కాదు, ఇవి నిజమైన రంగులు కావు" అని చెప్పి ముందునకు సాగబోతిని. అత డింకను కూర్చుండక, "అట్లయిన అబద్ధపు పటమును మా కేల చూపితిరి?" అని ప్రశ్నించెను. ఇంతలో గంట మ్రోగెను. ఆ దినము తప్పించుకొంటిని గాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆ బాలునికి నేను బాకీపడిన సమాధానమే యీ వ్యాసము.

అడవి ఎఱ్ఱగా కనబడుటకు కారణ మిది. పచ్చని ఆకు మన కన్నులకు ఆకుపచ్చ వెలుగును పంపును. కాని అంతకంటె ఎక్కువగా పరారుణ కిరణములను వెనుకకు పంపుచున్నది. వానిని మన కన్ను చూడజాలదు. ఉపగ్రహములోని యంత్రము చూడగలదు. చూచినదానిని మనకు తెలుపుటకు ఏదో యొక రంగు కావలయును గదా! కావున పరారుణమునకు ఎఱుపును, ఎఱుపునకు ఆకుపచ్చను, ఆకుపచ్చకు నీలమును ఇచ్చి పటము కూర్చెదరు. ఎఱుపు ఎంత దట్టమో ఆకు సామాన్యముగా అంత ఏపుగా నున్నదని యర్థము. 1974లో హైదరాబాదున స్థాపింపబడిన సంస్థ, నేటి జాతీయ దూరసంవేదన కేంద్రము, ఇట్టి పటముల సాయముననే పంటలను, అడవులను, జలాశయములను పరిశీలించుచున్నది.

ఈ పద్ధతియే పరలోకముల రాళ్లను చదువుటకును ఉపయోగపడుచున్నది. చంద్రుడు మన కన్నులకు బూడిదవన్నెగా కనబడును. అందలి నల్లని మచ్చలు పూర్వము లావా పొంగి గడ్డకట్టిన బసాల్ట్ మైదానములు. మన జిల్లాలో భైంసా, ముధోల్ ప్రాంతముల నల్లరేగడి నేలకు తల్లియైన రాయియు బసాల్టే. 1992 డిసెంబరులో గెలీలియో అను అమెరికా నౌక బృహస్పతికి పోవు త్రోవలో చంద్రుని సమీపించి, మూడు వడపోత అద్దముల గుండ తీసిన 53 చిత్రములను కలిపి యొక మిథ్యావర్ణ పటము తయారుచేయుటకు తోడ్పడెను. అందు శాంతిసాగరమను మైదానము ముదురు నీలముగాను, మరికొన్ని మైదానములు ఆకుపచ్చగాను, నారింజవన్నెగాను కనబడినవి. ఆ నీలమునకు అర్థము టైటానియము అధికముగా గల లావా యని. ఇది ఊహ మాత్రమే కాదు. 1969 జూలైలో అపోలో-11 యాత్రికులు ఆ శాంతిసాగరమునందే దిగి తెచ్చిన రాళ్లలో టైటానియము సమృద్ధిగా నున్నట్లు అంతకుముందే పరీక్షలలో తేలియుండెను. రంగు చెప్పిన సాక్ష్యమును రాయి బలపరచినది.

మరియొక యుదాహరణము మన తెలుగు తీరమునుండియే బయలుదేరినది. 2008 అక్టోబరు 22వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన చంద్రయాన్-1లో అమెరికావా రమర్చిన ఖనిజ పరిశోధక యంత్రము ఒకటి యుండెను. చంద్రుని ధ్రువముల వైపున నీటి జాడ హెచ్చుగా నున్నట్లు అది కనుగొన్నదని 2009 సెప్టెంబరులో ప్రకటించిరి. అప్పుడు వెలువడిన పటములో నీటి జాడకు నీలము, ఇనుముగల పైరాక్సీన్ అను ఖనిజమునకు ఎఱుపు, నేల కాంతికి ఆకుపచ్చ నియమింపబడినవి.

చదువరులారా, ఇచ్చట నొక్కింత నిలువుడు. గెలీలియో పటమున నీలము టైటానియము. చంద్రయాన్ పటమున నీలము నీటి జాడ. వివరణము లేక యీ రెండు పటములను ప్రక్కప్రక్కన చూచిన బాలుడు శాంతిసాగరమును నిజముగా నీటి సాగరమే యనుకొనిన తప్పెవరిది? బాలునిది కాదు. నా తరగతిలో జరిగిన తప్పును అట్టిదే. ఎఱుపు అబద్ధమాడలేదు. ఎఱుపున కర్థమేమో ముందుగా చెప్పని నేను సత్యమును సగము దాచితిని.

మన నిర్మల్ పనివారు పొనికి చెక్కతో చేసిన చిలుకకు ఆకుపచ్చ వేయుదురు. చిలుక ఆకుపచ్చనిది గనుక ఆ రంగు పోలికకొఱకు వేయబడినది. కాని దేశపటమున ఒక జిల్లాకు పసుపు, మరియొక జిల్లాకు గులాబి వేసినప్పుడు ఆ జిల్లాల మట్టి పసుపనియు గులాబియనియు ఎవ్వరును తలంపరు. అచ్చట రంగు గుర్తుకొఱకే. మిథ్యావర్ణ పటము ఈ రెండవ జాతికి చెందినది. అయినను అది చూచుటకు ఛాయాచిత్రమువలె నుండుటచేత మొదటి జాతిదని భ్రమ కలుగుచున్నది. వార్తాపత్రికలును వివరణము లేకయే యిట్టి చిత్రములను ముద్రించినప్పుడు ఈ భ్రమ మరింత బలపడును.

కావున నా యభిప్రాయము లివి. మొదటిది, "మిథ్య" యను మాట బాలుర మనస్సులో సందేహమును నాటును. "సంకేతవర్ణము" అని పిలుచుట మేలు. రెండవది, ఏ రంగు దేనికి గుర్తో క్రింద వ్రాయక యిట్టి పటమును ఏ తరగతి గోడకును తగిలింపరాదు. మూడవది, పిల్లలచేతనే అట్టి పటము నొకదానిని గీయింపవలయును. ప్రతివారును తమ యూరి పొలములలో రేగడి, చెల్క, ఇసుక నేలలను చూచివచ్చి, తమకు తోచిన రంగులు వేసి, ప్రక్కన అర్థము వ్రాయవలెను. ఒకని పటమును మరియొకడు చదువగలిగెనా, ఆ పాఠము సఫలమైనట్లే.

కొందఱు తలిదండ్రులు, "చంద్రుని రాళ్లతో మా పిల్లల కేమి పని?" అని యడుగవచ్చును. రాళ్లతో పని లేకపోవచ్చును. కాని పటములు, లెక్కల చిత్రములు, ప్రకటనలు వారికి దినదినము ఎదురగుచునే యుండును. ఎదుట పెట్టిన దానిని చూచి "ఈ రంగున కర్థమేమి? దీనిని నియమించిన వారెవరు? నేలమీద పరీక్షించి చూచిరా?" అని యడుగ నేర్చిన బిడ్డను మోసగించుట సులభము కాదు.

ఈ యేడు ఆ పటమును మరల తగిలించితిని. దాని క్రింద రంగుల వివరణము పెద్ద యక్షరములతో వ్రాయబడియున్నది. వ్రాసినవాడు ఆ బాలుడే.