ఇంటిపేరు చివరిది కాదు

2016 డిసెంబరులో సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ నగదురహిత గ్రామంగా వార్తలకెక్కింది. కార్డులతో పాటే ఊరివారి పేర్లూ కంప్యూటరు గడులలో కుదురుకోవలసి వచ్చింది. నా తగవు ఆ గడులతోనే.

ప్రోగ్రాములోని వస్తువును జేసన్‌గా మార్చేటప్పుడు "లాస్ట్‌నేమ్" అన్న గడిని "లాస్ట్_నేమ్"గా మార్చే సూత్రాలు లైబ్రరీలలో కొల్లలు. ఒంటె మూపురం పోయి అడుగుగీత వచ్చింది. అబద్ధం మాత్రం చెక్కుచెదరలేదు. తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది కదా!

గడికి స్థానాన్ని బట్టి కాక, అర్థాన్ని బట్టి పేరు పెట్టాలంటాను: ఇంటిపేరు, సొంతపేరు. జేసన్ కీలు యూనికోడ్ పదాలే కనుక తెలుగులోనే పెట్టవచ్చు. మన లిపిలో పెద్దక్షరాలు లేవు, మూపురాల బెడదా లేదు.

రాతను మార్చే సూత్రం అర్థాన్ని దిద్దదు. మిత్రులారా, ముందు పేరు సరిచేయండి. గీతల పంచాయితీ తరువాత!