బ్యాగు దించడం కూడా ట్రెక్కింగే!

మనవాళ్లు ట్రెక్కింగ్ అనగానే ముందు బ్యాగు బరువు గురించే గొప్పలు. గుడారంతో సహా పదిహేను కిలోలు రోజంతా వీపున లేకపోతే అది ట్రెక్కే కాదట! నేనొప్పుకోను.

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ సంగతే చూడండి. 1982లో జాతీయ ఉద్యానవనమైంది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. లోపల రాత్రి బస నిషేధం. పుల్నా నుంచి సుమారు 10 కిలోమీటర్లు బరువు మోసుకుంటూ ఘాంఘరియా చేరాలి. అక్కడ పెద్ద బ్యాగు దించేసి, నీళ్లు, రెయిన్‌కోటు, కాస్త తిండి చిన్న సంచిలో వేసుకుని ఒకరోజు లోయకి, మర్నాడు హేమకుండ్‌కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలి.

ఇది సుఖం కోసం రాజీ పడటం కాదు. ఘాంఘరియా దాదాపు 3,000 మీటర్ల ఎత్తు, హేమకుండ్ 4,000 దాటుతుంది. పగలు పైకెక్కి, రాత్రి కిందికొచ్చి పడుకుంటే పలుచటి గాలికి ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. ఇక లోయలో మొక్కలకి పెరగడానికి దొరికేది మంచు లేని ఆ కొన్ని నెలలే. వాటి మీద గుడారం వేసే హక్కు మనకెక్కడిది?

బరువు మోయడం నేర్చుకోవాల్సిందే, కాదనను. కానీ ఈ సెలవుల్లో ప్లాన్ వేసేవాళ్లు రోజుకో చోటుకి మారకుండా, ఒకేచోట మూడు రాత్రులు ఉండి చుట్టుపక్కల నడిచి చూడండి.