షిఫ్టు దిగి... మండువకు!

మధ్యాహ్నం మూడవుతుంది. గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టు ముగుస్తుంది. మొహం నిండా బొగ్గు, నడుముకు బ్యాటరీ... ఒక్కొక్కరే బాయి నుంచి పైకి వస్తారు. క్యాప్ ల్యాంపు అప్పగించి ఎక్కువ మంది క్వార్టర్ల దారి పడతారు. కొందరి బండ్లు మాత్రం ఊరి చివర తాళ్ల వైపు తిరుగుతాయి. అక్కడే ఉంటుంది కల్లు మండువ!

పెద్ద హంగులేమీ ఉండవు. తాటాకు పందిరి, రెండు మూడు బల్లలు, వరసగా లొట్లు, సీసాలు. పక్కనే గంప ముందేసుకుని కూర్చున్న ఓ అవ్వ. గుడాలు, పల్లీలు, ఉడికించిన గుడ్లు, వేయించిన ఎండు చేపలు ఆమె సరుకు. పొయ్యి మీద బోటి ఉడుకుతుంటుంది. ఎనిమిది గంటలు చీకట్లో, ఉక్కలో పనిచేసి వచ్చినవాడికి ఆ నీడ, ఆ గాలి చాలు... సగం అలసట తీరిపోతుంది.

ఐర్లండ్ వాళ్లకు పబ్ ఎలాగో ఇక్కడి వాళ్లకు మండువ అలాగ. పబ్ అంటే పబ్లిక్ హౌస్, అంటే అందరి ఇల్లు. ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పుడు పబ్బూ కిరాణా కొట్టూ ఒకే కప్పు కింద ఉండేవి. ఉప్పూ పప్పూ కొనుక్కుంటూనే ఊరి కబుర్లు తెలుసుకునేవారు. అక్కడ ఎవరి గ్లాసుకు వాళ్లు డబ్బులు కట్టడం మర్యాద కాదు. ఈసారి ఒకరు అందరికీ పోయిస్తే, వచ్చేసారి ఇంకొకరి వంతు. మండువలో ఆ మర్యాదకు తాటి రేక ఉంది. రేకను దోసిలిలా రెండు చేతులా పట్టుకోవాలి. మరి పోసేదెవరు? పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. అందుకే రేకతో ఒంటరిగా తాగడం కుదరదు!

ఇక్కడ గ్రేడ్లుండవు

'ఏం బావా, ఫస్ట్ షిఫ్టేనా?' అన్న పలకరింపుతో మొదలైతే ముచ్చట ఎటైనా పోతుంది. పై కప్పు ఎక్కడ కూలేలా ఉందో, దసరా ముందు వచ్చే లాభాల వాటా ఎంతో, వారసత్వ ఉద్యోగం ఎవరింట్లో తగాదా పెట్టిందో... అన్నీ అక్కడే తేలతాయి. 1998 నుంచి సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాక ఆ కాలమంతా మండువలు సగం యూనియన్ ఆఫీసులే. బాయిలో ఒకరు సర్దార్, ఒకరు కోల్ ఫిల్లర్. చెట్టు కింద మాత్రం అన్నా, బావా, మామా. నేలతల్లికి నాలుగు చుక్కలు సాక పోసి మొదటి గుక్క తాగే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోజూ ఆ నేల లోపలికి దిగే మనుషులకు అది ఉత్త ఆచారం కాదు మరి.

ఇంటి లెక్క

ఇదంతా తాగేవాళ్ల మాట. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ల లెక్క వేరు. బ్రిటన్‌లో ఒకప్పుడు గని కార్మికులకు పబ్బుల్లోనే జీతాలు పంచేవారు. ఇల్లు చేరేసరికి మిగిలేది చిల్లరే. 1842లో తెచ్చిన గనుల చట్టం ఆ పద్ధతిని నిషేధించింది. మన దగ్గర ఆ పని చట్టం కంటే ముందు ఆడవాళ్లే చేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై కొంగు బిగిస్తే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. సారాతో పోలిస్తే కల్లు మెత్తనిది, నిజమే. అయినా జీతం రోజు లొట్టి దగ్గర గంట ఎక్కువైతే తగ్గేది ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజే.

చెట్టు మీంచి దించిన కల్లు పొద్దున తియ్యగా ఉండి, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. ఆ పులుపులోనే దాని మత్తు. అది చాలదని అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపితే మాత్రం అది కల్లు కాదు, విషం. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. నమ్మకమైన గీత కార్మికుడి చెట్టు కల్లుకూ, ఎక్కడ తయారైందో తెలియని సీసాకూ తేడా తెలుసుకోకపోతే ప్రాణం మీదికే వస్తుంది.

తాళ్లు తగ్గాయి... మనుషులూ తగ్గారు

1990ల ఆరంభంలో సింగరేణి కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఓపెన్‌కాస్టులు విస్తరించాయి. వాటి కింద పొలాలతోపాటు తాళ్లూ పోయాయి. కాంట్రాక్టు కుర్రాళ్లకు వైన్స్ దగ్గర నిలబడి గుటుక్కున తాగి వెళ్లడమే అలవాటు. అక్కడ పలకరింపు లేదు, ముచ్చట లేదు.

కల్లు తాగమని ఎవరికీ చెప్పక్కర్లేదు. మండువ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. కష్టం చేసిన మనిషికి ఇంటికీ బాయికీ మధ్య ఓ చెట్టు నీడ కావాలి. పేరు పెట్టి పిలిచే నలుగురు కావాలి. ఆ నీడలో లొట్టి లేకపోయినా ఫర్వాలేదు. మనుషులుంటే చాలు!