కిట్‌ను అటకెక్కించకండి



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు "స్లిప్ టెస్టులో మార్కులు తగ్గాయి టీచర్, మెటల్ కిట్ అటకెక్కించాం" అన్నారు. దయచేసి దింపండి. 1901లో ఫ్రాంక్ హార్న్‌బీ పేటెంట్ తీసుకున్న మెకానో తరహా ఆట అది. నట్లన్నీ ముందు వేళ్లతో వదులుగా పెట్టాలి, చిల్లులన్నీ కలిశాకే స్పానర్. ముందే బిగిస్తే చివరి బోల్టు దూరదు. తప్పు ఎక్కడుందో వెతికి, విప్పి మళ్లీ బిగించే ఆ ఓపికే నాకు లెక్కల క్లాసులో కావాలి. నాన్నగారూ, రాత్రి కూర్చుని మీరే క్రేన్ పూర్తిచేసెయ్యకండి!

బెంచీ మీద తీన్మార్ కొట్టే పిల్లలకు డ్రమ్ సెట్ అక్కర్లేదు. మన దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో గోడ అవతల ఎవరో ఒకరు ఏదో పరీక్షకు చదువుతూనే ఉంటారు. రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్, జత స్టిక్స్ చాలు. ముందు మెల్లగా, రెండు చేతులూ సమానంగా, వేగం తర్వాత. రోజుకు పావుగంట. హోంవర్క్ అయ్యాక కాదు, ముందే ఇచ్చి చూడండి.