ముందు విడదీసి రాయించండి

ఏడో తరగతిలో ఘాతాంకాల పాఠం మొదలవగానే న్యాయాల పట్టిక పిల్లల నోట్సులోకి ఎక్కేస్తుంది. భూములు సమానమైతే గుణకారంలో ఘాతాంకాలు కూడాలి, భాగహారంలో తీసివేయాలి, ఘాతానికి మళ్లీ ఘాతం ఉంటే గుణించాలి. పట్టికలో తప్పేమీ లేదు. అర్థం తెలియకముందే అది రావడమే తప్పు. పిల్లలు చేసే పొరపాట్లే ఇందుకు సాక్ష్యం. 2³ × 2⁴ ఎంత అంటే ఒకరు 2¹² అని, మరొకరు 4⁷ అని రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు. కూడాలా, గుణించాలా అని గుర్తు తెచ్చుకునే తొందరలో ఒక సూత్రం ఇంకో సూత్రంతో కలిసిపోయింది. నిజానికి ఇక్కడ 8ని 16తో గుణిస్తున్నాం, 128 రావాలి. 2¹² అంటే 4096, 4⁷ అంటే 16384. జవాబు ఇంత దూరం పోయినా అనుమానం రాలేదంటే, ఆ గుర్తుల వెనక సంఖ్యలున్నాయన్న సంగతే పిల్లల మనసులో లేదన్నమాట.

అందుకే న్యాయం చెప్పకముందే విడదీసి రాయించాలంటాను. మూడు రెండ్లు, వాటి పక్కన నాలుగు రెండ్లు, అన్నీ గుణకారంలో, లెక్కపెడితే ఏడు. (2³)⁴ అయితే మూడేసి రెండ్ల గుంపులు నాలుగు, మొత్తం పన్నెండు. 2³ + 2⁴ దగ్గర మధ్యలో కూడిక ఉంది కాబట్టి ఏడు రెండ్ల గుణకారం లేదు, జవాబు 24. ఇలాంటివి కొన్ని చేయించి 2⁵⁰ × 2³⁰ ఇవ్వండి. అంత పొడుగు రాయడానికి విసుగేసి పిల్లలే దగ్గరి దారి వెతుక్కుంటారు. పట్టికను బోర్డు మీద పెట్టాల్సింది అప్పుడు. ఇక మరచిపోయినా దాన్ని తామే మళ్లీ కట్టుకోగలరు.

మరి 2⁰ సంగతేమిటి, రెండును సున్నాసార్లు ఎలా రాస్తారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. విడదీసి రాసే పద్ధతి అక్కడితో ఆగిపోతుంది, ఆ మాట దాచకుండా పిల్లలకు చెప్పాలి. 16, 8, 4, 2 అని దిగుతున్నప్పుడు ఘాతాంకం ఒకటి తగ్గిన ప్రతిసారీ విలువ సగమవుతోంది. అదే వరుస సాగితే తర్వాత 1, ½, ¼, ⅛. జర్మన్ గణితవేత్త మైకేల్ స్టీఫెల్ 1544లో అచ్చయిన ‘అరిథ్మెటికా ఇంటెగ్రా’లో, పైన −3 నుంచి పూర్ణసంఖ్యలు, కింద ⅛ నుంచి రెట్టింపవుతూ పోయే విలువలు పెట్టి ఇలాంటి పట్టికే చూపించాడు. 2³ ÷ 2³ ఎలాగూ 1. భాగహార న్యాయం అక్కడా నిలవాలంటే 2⁰ను 1గా తీసుకోక తప్పదు. ఇది న్యాయం చెడకుండా గణితజ్ఞులు చేసుకున్న నిర్ణయం. ఆ మాట చెబితే 2⁻³ ను −8 అని రాసే పిల్లలు తగ్గుతారు. భూమి సున్నా కాకూడదనే షరతు ఎందుకో కూడా తెలుస్తుంది, సున్నాతో భాగించలేం కదా.

సిలబస్ పూర్తి కావాలి, ఇంత తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయులు అంటారు. ఆ ఒత్తిడి నిజమే. సాధన అక్కర్లేదని కూడా నేననడం లేదు. వేగం రావాలంటే లెక్కలు చేయాల్సిందే. కానీ కరణులు, సంవర్గమానాలు అన్నీ ఈ పునాది మీదే నిలుస్తాయి. ఇక్కడ ఒకటి రెండు పీరియడ్లు మిగుల్చుకుంటే ఇంటర్లో మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. పరీక్ష మారితే బోధనా మారుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి నా విన్నపం ఒక్కటే: 2³ × 2⁴ = 2¹² అన్న జవాబు ఎందుకు తప్పో వివరించమని ఒక ప్రశ్న ఇవ్వండి, దానికి రెండు మార్కులు కేటాయించండి.