బిడ్డల పెంపకం: పాప ఒక్క చేతినే చాపుతుంటే

బరంపురం నుంచి ఒక సోదరి వ్రాశారు. ఎనిమిదో నెల పాప ఏమిచ్చినా ఎడమచేతితోనే అందుకొంటుందట; పుర్రచేతివాటం అబ్బుతుందని అత్తగారు ఆ చేతికి గుడ్డ చుట్టమంటున్నారట.

అమ్మా, గుడ్డ చుట్టకండి. ఎడమచేతి వాటం తప్పూ కాదు, జబ్బూ కాదు. అయితే ఏ వాటమైనా స్థిరపడేది రెండు మూడేళ్ళకు. ఏడాది లోపు బిడ్డ రెండు చేతులూ ఇంచుమించు సమానంగా చాపవలెను. కనుక మీరు గమనించవలసింది కుడిచేతిని. గిలక్కాయ కుడిప్రక్కన పెట్టినా ఎడమచెయ్యే అడ్డంగా వస్తున్నదా? కుడి పిడికిలి ఎప్పుడూ బిగిసే ఉంటున్నదా? పాకేటప్పుడు కుడికాలు ఈడ్చుతున్నదా? కాన్పులో భుజం నరాలు సాగినా, మెదడులో ఒకవైపు లోపం కలిగినా ఇట్లా కావచ్చును. ఏడాది నిండనీ అని పెద్దలంటారు; ఆ మాట ఇక్కడ వినవద్దు. ఎంత ముందు వ్యాయామ చికిత్స మొదలైతే అంత మేలు. ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఇట్టి పరీక్షలు ఉచితం.

నిన్నటిదాకా ఆడించిన చేతిని నేడు కదపకపోతే మాత్రం ఆ రోజే తీసుకుపోవలెను. చెయ్యి పట్టి లాగి ఎత్తితే మోచేయి కీలు జారుతుంది.

వెళ్ళేటప్పుడు గిలక్కాయ కూడా సంచిలో వేసుకోండి. డాక్టరుగారి ఎదుట పాపను ఆడించి చూపవచ్చును.