షాపులో 50 ఎంజీ.. చీటీలో 4.5 ఎంజీ: అమెరికాలో ‘కాంపౌండింగ్’ మందులు ఎంతవరకు సేఫ్?

డాక్టర్ రాసింది నాలుగున్నర మిల్లీగ్రాములు. షాపులో దొరికేది 50 మిల్లీగ్రాముల మాత్ర. అంటే ఒక్క మాత్రను పదకొండు ముక్కలు చేయాలి. ఇంట్లో కత్తితో అయ్యే పని కాదు. అమెరికాలో తక్కువ డోసు నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇదే. అందుకే వాళ్లు కాంపౌండింగ్ ఫార్మసీలకు వెళ్తున్నారు.

ఇంతకీ ఏంటీ ఫార్మసీ?

మన ఊళ్లలో ఒకప్పుడు డాక్టర్ గారి దగ్గర కాంపౌండర్ ఉండేవాడు. చీటీ చూసి మందు కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. దాదాపు అదే పనిని అక్కడ లైసెన్స్ ఉన్న ఫార్మసిస్టులు చేస్తారు. ఒక్కో పేషెంట్ చీటీని బట్టి, కావాల్సిన డోసుతో క్యాప్సూల్ లేదా సిరప్ తయారుచేసి ఇస్తారు.

కంపెనీలు ఎందుకు చేయడం లేదు?

నాల్‌ట్రెక్సోన్‌కు 1984లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది మత్తుమందుల వ్యసనం కోసం. 1994లో మద్యం వ్యసనానికీ ఓకే చెప్పింది. తక్కువ డోసును నొప్పులకు, ముఖ్యంగా ఫైబ్రోమయాల్జియాకు వాడటం డాక్టర్లు సొంత నిర్ణయంతో చేస్తున్నదే. దానికి ప్రత్యేక అనుమతి లేదు. పేటెంట్ ఎప్పుడో పోయిన మందు కావడంతో, పెద్ద ట్రయల్స్‌కు కోట్లు పెడితే కంపెనీకి మిగిలేది పెద్దగా ఉండదు.

పనిచేస్తుందా?

స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన చిన్న అధ్యయనాలు ఆశ పుట్టించాయి. కానీ డెన్మార్క్‌లో 99 మంది మహిళలపై 12 వారాలు ఒక ట్రయల్ చేశారు. 6 ఎంజీ డోసుకు, ఉత్తుత్తి మాత్రకు మధ్య నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆశ ఉంది, గట్టి రుజువు మాత్రం ఇంకా లేదు.

అసలు రిస్క్ ఎక్కడ?

కాంపౌండింగ్ మందులను అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ పరీక్షించదు. 2012లో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన ఇంజెక్షన్లలో ఫంగస్ చేరి 750 మందికి పైగా జబ్బుపడ్డారు. 60 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతోనే 2013లో చట్టాన్ని గట్టిచేశారు. వెన్నులోకి ఎక్కించే ఇంజెక్షన్‌తో పోలిస్తే నోటితో మింగే క్యాప్సూల్‌కు ఆ స్థాయి ముప్పు ఉండదు. అయినా డోసులో తేడా వచ్చే అవకాశం ఉంటుంది. నల్లమందు జాతి నొప్పి మాత్రలు, అంటే ట్రమడాల్ లాంటివి వాడేవాళ్లు నాల్‌ట్రెక్సోన్ వేసుకుంటే ఒక్కసారిగా ఒళ్లు తిరగబడుతుంది. ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పి తీరాలి.

మనకేంటి?

మన ఇళ్లలో పిల్లలకు పెద్దల మాత్రను సగం, పావు చేసి వేయడం మామూలే. గీత ఉన్న మాత్ర అయితే సగం వరకు ఫర్వాలేదు. ఫిట్స్, గుండె మందుల్లో మాత్రం ఆ పావు కాస్త అటూ ఇటూ అయినా ప్రమాదమే. ముక్క చేసే ముందు ‘ఇదే మందు సిరప్‌లో ఉందా?’ అని ఫార్మసిస్ట్‌ను ఒక్క మాట అడిగితే చాలు.